కాడ విరిగిన ఆర్కిడ్: కోసెయ్యాలా, కట్టు కట్టాలా?

ప్రశ్న: కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి (డిసెంబరు మొదటి వారం)

అందరికీ నమస్కారం.

నవంబరు 30న మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేశారు. సన్మాన సభలో వేసిన దండలు మర్నాటికే వాడిపోతాయి కదా, ఆయన కళ్ళ ముందు కొన్ని నెలలైనా నిలిచే పువ్వు ఒకటి ఇంట్లో ఉండాలన్న ఉద్దేశంతో ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద దుకాణంలో 1,250 రూపాయలు పెట్టి ఆర్కిడ్ మొక్క కొన్నాను. ముదురు గులాబీ రంగు పూలు, రెండు పూలకాడలు, జానెడేసి పొడవున్న అయిదు దళసరి ఆకులు. ఇంటికి వస్తుండగా ఆటో ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడి, పూలకాడలు రెండూ పక్కనున్న ఇనుప కడ్డీకి తగిలాయి.

మొదటి కాడ కొస, నాలుగు వేళ్ళ పొడవున, అయిదు మొగ్గలతో సహా తెగి నా ఒళ్ళో పడింది. ఆ కాడ మీద ఇప్పుడు విచ్చిన పూలు రెండే మిగిలాయి. రెండో కాడ తెగలేదు కానీ, కింది నుంచి మూడో కణుపుకు కాస్త పైన వంగి, సగం మేర చీలింది. ఒక పక్క తోలు, దాని కింది నారలు పట్టుకుని ఉన్నాయి. రెండో పక్క లేత ఆకుపచ్చ రంగు కండ బయటకు కనిపిస్తూ తడిగా ఉంది. దాని పైన ఆరు పూలున్నాయి. నాలుగు రోజులైనా అవి వాడలేదు. ప్రస్తుతానికి ఆ కాడను ఒక పుస్తకాల దొంతరకు ఆనించి ఉంచాను.

నా సందేహాలు ఇవి. కొస తెగిన కాడ మళ్ళీ పెరుగుతుందా? చీలిన కాడను కోసెయ్యాలా, లేక కట్టు కడితే అతుక్కుంటుందా? గాయానికి పసుపు అద్దితే చాలని నాన్నగారు అంటున్నారు. రెండు కాడలూ మొదలంటా కోసెయ్యకపోతే మొక్కే చచ్చిపోతుందని పక్కింటివారు అంటున్నారు. మొక్క తూర్పు కిటికీ పక్కన భోజనాల బల్ల మీద, దుకాణంవారిచ్చిన తెల్ల పింగాణీ పాత్రలోనే ఉంది. రోజుకు ఒక గ్లాసు కుళాయి నీరు పోస్తున్నాను. నాన్నగారు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ఎదుటే కూర్చుంటున్నారు కనుక, తొందరపడి ఏ తప్పూ చెయ్యకూడదని ఇక్కడ అడుగుతున్నాను. ఫొటోలు జత చేశాను.

జవాబు: విశాఖపట్నం నుంచి

నమస్కారమండీ. ముందుగా మీ నాన్నగారికి శుభాకాంక్షలు. నేను పద్దెనిమిదేళ్ళుగా మేడ మీద ఆర్కిడ్లు పెంచుతున్నాను, కాడలు విరగ్గొట్టుకున్న అనుభవం నాకూ చాలానే ఉంది.

ఫొటోల్లో ఉన్నది ఫాలెనాప్సిస్. దుకాణాల్లో ఇంటి అలంకరణకు అమ్మే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం ఇవే. అడవుల్లో ఇవి నేలలో కాక చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. మన పల్లెల్లో మామిడి చెట్టు మీద పెరిగే వాండా ఆర్కిడ్‌ను కూడా బదనిక అనేసి పీకి పారేస్తుంటారు కానీ, అసలు బదనికలాగా ఇవి చెట్టు రసం పీల్చవు. కొమ్మను పట్టుకుని వేలాడుతూ వాననీటితో, గాలిలోని తేమతో బతుకుతాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ మొక్కకు చెయ్యవలసిన సేవ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ రెండు కాడల గాయాలు రెండు రకాలు కనుక చికిత్స కూడా ఒకటే కాదు.

కొస తెగిన కాడ సంగతి ముందు చెబుతాను. పూలకాడ పొడవు పెరిగేదీ, కొత్త మొగ్గలు తొడిగేదీ కొస దగ్గరే. కొస పోయింది కనుక ఆ కాడ ఇక పైకి సాగదు. అయితే చెరుకు గడ కణుపు దగ్గర కన్ను ఉన్నట్లే, ఈ కాడకు కూడా పూలకు దిగువనున్న ప్రతి కణుపు దగ్గరా త్రికోణపు పొర కింద ఒక కన్ను నిద్రపోతూ ఉంటుంది. కొస ఉన్నంతకాలం ఆ కన్నులను అది అణచి ఉంచుతుంది. కొస పోతే వాటిలో ఒకటి మేలుకుని పక్క కొమ్మగా రావచ్చు. కాబట్టి ఆ రెండు పూలు ఉన్నంతకాలం కాడను ముట్టుకోకండి. అవి రాలాక, కింది నుంచి లెక్కపెట్టి రెండో కణుపుకో మూడో కణుపుకో ఒకటిన్నర సెంటీమీటరు పైన కోయండి. కోసిన చోటు నుంచి కణుపు దాకా ఉన్న ముక్క ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, దానికి కంగారుపడకండి. మొక్క బలంగా ఉంటే రెండు మూడు నెలల్లో ఆ కణుపు నుంచి చిన్న కొమ్మ వచ్చి పూస్తుంది. ఆ పూలు మొదటివాటికంటే తక్కువగా, కాస్త చిన్నవిగా ఉంటాయి.

చీలిన కాడకు కట్టు కట్టవచ్చు, కానీ అది అతుక్కుంటుందని మాత్రం అనుకోకండి. మామిడి అంటు అతుక్కునేది బెరడు కింద పెరిగే పొర ఒకటి ఉండటం వల్ల. ఆర్కిడ్ ఏకదళ బీజపు మొక్క. వెదురులో, చెరుకులో ఉన్నట్లే దీని కాడలో నీటిని మోసే నాళాలు కండంతటా విడివిడిగా చెదిరి ఉంటాయి, ఆ పొర ఉండదు. కనుక చీలిన సగం చీలినట్లే ఎండుతుంది, తెగని సగంలోని నాళాలు పై పూలకు నీరు అందిస్తూ ఉంటాయి. నాలుగు రోజులైనా మీ ఆరు పూలు వాడలేదంటే ఆ నాళాలు సరిపోతున్నాయన్న మాటే. ఇక మీరు చెయ్యవలసిందల్లా బరువును ఆ గాయం మీద పడనివ్వకపోవడం.

అందుకు రెండు ఐస్‌క్రీం పుల్లలు, మందుల దుకాణంలో దొరికే కాగితపు టేపు తెచ్చుకోండి. ఒకరు కాడను మెల్లగా నిటారుగా పట్టుకుంటే మరొకరు చీలిక రెండు అంచులూ కలిసేలా చూసి, అటొకటి ఇటొకటి పుల్లలు ఆనించి, పైనా కిందా టేపు చుట్టాలి. గాయం మీద మాత్రం చుట్టకండి, దానికి గాలి తగలాలి. ఆ తర్వాత ఒక వెదురు పుల్లను కుండీలో గుచ్చి, కాడను గాయానికి దిగువన ఒక చోట, ఎగువన రెండు చోట్ల వదులుగా కట్టండి. పూలు రాలేదాకా ఆ ఆసరా తియ్యకూడదు. రెండు మూడు రోజుల్లో పూలన్నీ ఒక్కసారిగా మెత్తబడి తలలు వాల్చేస్తే నాళాలు తెగినట్లే. అప్పుడు గాయానికి దిగువన కోసి, పై భాగాన్ని నీళ్ళున్న సీసాలో పెట్టుకోండి. ఒకటి రెండు వారాలు నిలుస్తుంది.

నాన్నగారి పసుపు మాటకు నాకు అభ్యంతరం లేదు. పొడిగా చిటికెడు, కోసిన మొహం మీద మాత్రమే. ముద్ద చేసి పట్టించకండి, వేర్లకు ఏ పొడీ తగలనివ్వకండి. పసుపుకంటే ముఖ్యమైనది బ్లేడు శుభ్రత. సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడాంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ వైరస్ అని ఆర్కిడ్లను పట్టే రెండు వైరస్‌లు ఒక మొక్కను కోసిన కత్తితోనే ఇంకో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. కొత్త బ్లేడు వాడండి, లేదా కత్తెర మొనను పొయ్యి మంట మీద బాగా కాల్చి చల్లార్చి వాడండి.

అయితే మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టినవి కాడలు కావు, రోజూ పోస్తున్న ఆ గ్లాసు నీరు. పింగాణీ పాత్రకు అడుగున రంధ్రం ఉందా? లోపల పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ కుండీని పైకి తీసి, వేర్లు ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పండి. ఏం కొయ్యాలన్నది ఆ తర్వాతే ఖాయం చేద్దాం.

జవాబు: బెంగళూరు నుంచి

పైవారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. నేను ఒక ఆర్కిడ్ నర్సరీలో పన్నెండేళ్ళు పనిచేశాను. మా దగ్గరికి ఇలాంటి మొక్క వస్తే రెండు కాడలూ మొదలు దగ్గర రెండు సెంటీమీటర్లు ఉంచి కోసేసేవాళ్ళం.

కారణం చెబుతాను. ఫాలెనాప్సిస్‌కు పూలకాడ పుట్టాలంటే కొన్ని వారాలపాటు చల్లదనం కావాలి. పెంపకందారులు మొక్కను ఆకుల మీద పెంచదలచుకున్నంతకాలం 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, పూలు కావలసినప్పుడు పగలు 25, రాత్రి 20 డిగ్రీల లోపు చల్లదనానికి తెస్తారు. ఆ చల్లదనం మీకు హైదరాబాద్‌లో ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది. ఇప్పుడే కోస్తే మొక్క తన బలాన్ని పాత కాడలకు ఖర్చు పెట్టకుండా, ఆకు చంకలో నుంచి కొత్త కాడ తీసే అవకాశం ఉంది. పక్క కొమ్మకు పూసే నాలుగు చిన్న పూలకంటే కొత్త కాడకు పూసే పది పెద్ద పూలు మేలు. కాడ బయటపడింది మొదలు పూలు విచ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది కనుక, ఈ శీతాకాలం దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే.

ఒక్క జాగ్రత్త. రాత్రి వేడి 15 డిగ్రీల కంటే దిగే రోజుల్లో మొక్కను కిటికీ అద్దానికి దూరంగా జరపండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లోపలి కుండీని పైకి తీసి చూసి నాకు భయం వేసింది. పింగాణీ పాత్రకు రంధ్రం లేదు. అడుగున రెండు వేళ్ళ ఎత్తున నీరు నిలిచి, వాన కాలువ వాసన వస్తోంది. పైవైపు వేర్లు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. కిందివైపు వేర్లలో సగం గోధుమరంగులో ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుంటే పైపొర జారిపోయి చేతిలో దారంలాంటిది మిగిలింది. మధ్యలో తేమ కోసం పెట్టే ఎండు నాచు (స్ఫాగ్నమ్ మాస్) గుప్పెడు గట్టిగా కుక్కి ఉంది, అది పిండితే నీరు కారింది. ఆకులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. పుల్లలతో కట్టు కట్టాను, ఆరు పూలూ నిలబడే ఉన్నాయి.

ఇంతకూ మా మొక్క బతుకుతుందా?

జవాబు: విశాఖపట్నం నుంచి

బతుకుతుంది. ఆకులు గట్టిగా ఉండి, సగం వేర్లు బాగుంటే దిగులుపడవలసిన పని లేదు. ఆటో కుదుపు వల్ల మీరు కాడలను చూశారు, కాడల వల్ల వేర్లను చూశారు. లేకపోతే ఇంకో నెలకు ఆకులు వేలాడేదాకా ఆ కుళ్ళు బయటపడేది కాదు, అప్పటికి చాలా ఆలస్యమయ్యేది.

వేర్ల సంగతి తెలిశాక నా సలహా మార్చుకుంటున్నాను. సగం వేర్లు పోయిన మొక్కను పక్క కొమ్మ వెయ్యమని అడగడం న్యాయం కాదు. కొస తెగిన కాడను బెంగళూరు వారు చెప్పినట్లే మొదలు దగ్గర కోసి, ఆ రెండు పూలను సీసాలో పెట్టండి. చీలిన కాడను కూడా కోసెయ్యడమే మొక్కకు అన్నిటికంటే క్షేమం. అయినా మీ నాన్నగారు ఆ పూల ముందు కూర్చుని కాఫీ తాగుతున్నారని రాశారు కాబట్టి, ఆకులు ముడత పడనంతవరకు ఆ ఒక్క కాడను ఉంచుకోండి. పూలు రాలిన రోజునే దాన్నీ మొదలంటా తీసెయ్యండి, పక్క కొమ్మ కోసం చూడకండి. పెంపకందారులు లాభం లెక్క చూడాలి, ఇంట్లో మొక్కకు ఇంకో లెక్క కూడా ఉంటుంది.

మామూలుగా పూలున్నప్పుడు కుండీ మార్చకూడదంటారు, కానీ కుళ్ళు కనిపించాక ఆగకూడదు. నాచంతా తీసేసి, వేర్లను నీటిధార కింద కడిగి, ఒక్కొక్క వేరునూ వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది ఏ రంగులో ఉన్నా మంచిదే. కుండీ లోపల వెలుతురు తగలని వేర్లు పసుపుగా ఉండటం సహజం. మెత్తగా, బోలుగా ఉన్నవాటిని మాత్రమే కాల్చిన కత్తెరతో కోసెయ్యండి. తర్వాత మొక్కను ఒక పూట నీడలో ఆరనివ్వండి.

కొత్తగా నింపడానికి మట్టి వద్దు, కంపోస్టు వద్దు. పైన్ బెరడు ముక్కలు రెండు వంతులు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక వంతు, కట్టెబొగ్గు గుప్పెడు కలపండి. కొబ్బరి ముక్కల్లో ఉప్పు, వగరు ఉంటాయి కనుక వాటిని రెండు రోజులు నానబెట్టి, నీటికి కాఫీ రంగు రావడం ఆగేదాకా మార్చి మార్చి కడగాలి. మా విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంతే చాలు. మీకు గాలి పొడిగా ఉంటుంది కనుక చిన్న ముక్కలుగా చించిన నాచు కొద్దిగా, వదులుగా కలుపుకోవచ్చు. పెద్ద కుండీలోకి మార్చాలన్న ఆశ పెట్టుకోకండి. మిగిలిన వేర్లు పట్టేంత కుండీ చాలు, పాతదే బాగా కడిగి వాడుకోవచ్చు. పారదర్శకపు కుండీ వల్ల రెండు లాభాలు: ఈ వేర్లు ఆకుల్లాగే వెలుతురు అందుకుని కొంత ఆహారం తయారు చేసుకుంటాయి, నీరు ఎప్పుడు పొయ్యాలో మీకు కంటికి కనిపిస్తుంది.

నీరు పొయ్యడానికి రోజుల లెక్క పెట్టుకోవద్దు. వేరు మీద బూడిదరంగు స్పాంజిలాంటి పొర ఉంటుంది. అది తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగుగా మారుతుంది. లోపలి వేర్లు వెండిరంగుకు వచ్చి, కుండీ చేతికి తేలికగా తగిలినప్పుడు ఉదయం పూట బకెట్ నీటిలో పది నిమిషాలు కుండీని ముంచి, పూర్తిగా కారనిచ్చి, ఆ తర్వాతే పింగాణీ పాత్రలో పెట్టండి. ఈ చలికాలంలో వారానికోసారి సరిపోవచ్చు. మొవ్వులో నీరు నిలవకుండా చూసుకోండి, నిలిస్తే కాగితపు రుమాలుతో అద్ది తియ్యండి. వేర్లు కుళ్ళితే మొక్కను కాపాడుకోవచ్చు కానీ, మొవ్వు కుళ్ళితే ఎదుగుదలే ఆగిపోతుంది. ఈ మొక్కకు కొత్త ఆకు వచ్చేది అక్కడొక్క చోటి నుంచే.

బోరు నీరు వాడకండి, ఆర్వో యంత్రం బయటకు వదిలే నీరు అసలే వద్దు. ఆ ఉప్పుకు వేరు కొసలు మాడిపోతాయి. కుళాయి నీరైతే నెలకోసారి ఆర్వో నీటితోనో వాననీటితోనో కుండీని బాగా కడగండి. కొత్త వేర్లు కనిపించేదాకా ఎరువు వద్దు. ఆ తర్వాత రైతులు వాడే 19:19:19 పొడిని లీటరుకు అర గ్రాము చొప్పున కలిపి, పదిహేను రోజులకోసారి ఇస్తే చాలు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అమ్మాయి పుట్టినరోజుకు నీలం రంగు ఫాలెనాప్సిస్ కొన్నాం. కాడ కింద సూది గుచ్చినట్లు ఒక రంధ్రం, దాని మీద మైనం ఉన్నాయి. రంధ్రం చుట్టూ కాడ నల్లబడుతోంది. ఇది కూడా దెబ్బేనా?

జవాబు: బెంగళూరు నుంచి

ఇది మనుషులు చేసిన దెబ్బ. అంత ముదురు నీలం ఫాలెనాప్సిస్‌కు సహజంగా రాదు. తెల్ల పూల మొక్క కాడకు రంధ్రం చేసి రంగు ఎక్కించి, మైనంతో మూస్తారు. నలుపు రంధ్రం చుట్టూ మాత్రమే ఉండి పాకకుండా ఉంటే పూలు రాలేదాకా వదిలెయ్యండి. కిందికి పాకుతుంటే దానికి దిగువన, ఆకుపచ్చగా ఉన్న చోట కోసెయ్యండి. మళ్ళీ పూసినప్పుడు పూలు తెల్లగానే వస్తాయని మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. కొనేవాళ్ళకు ఈ విషయం చెప్పకుండా అమ్మడం నాకు మొదటి నుంచీ నచ్చని పని.

జవాబు: న్యూజెర్సీ నుంచి

మా ఊళ్ళో ఈ మొక్కలు కూరగాయల దుకాణాల్లోనే దొరుకుతాయి. పదేళ్ళ కిందట నేను మొదట కొన్న మొక్కకు కూడా కారు తలుపులో పడి కాడ కొస తెగింది. ఆ అనుభవం మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేను దాన్ని కొయ్యకుండా అలాగే ఉంచాను. వేసవిలో ఇల్లు బాగా వేడెక్కిన రోజుల్లో రెండో కణుపు దగ్గరి పొర ఉబ్బి పగిలింది. పూల కొమ్మ వస్తుందని ఎదురుచూస్తే, గోరంత ఆకులు రెండు వచ్చాయి. అది పిలక. అరటికి నేలలో పిలక వస్తే, దీనికి గాలిలో, కాడ మీద వస్తుంది. కణుపులోని కన్ను చల్లదనంలో పూల వైపు, వేడిలో పిలక వైపు మొగ్గుతుంది. నిజానికి 1949లోనే గావినో రోటర్ అనే పరిశోధకుడు ఫాలెనాప్సిస్ పూలకాడ కణుపులను సీసాల్లో పెంచి కొత్త మొక్కలు తెచ్చే పద్ధతి ప్రకటించారు. పిలక వేర్లు రెండున్నర అంగుళాలు పెరిగేదాకా ఆగి, కాడ ముక్కతో సహా వేరు చేసి నాటాను. అది పూయడానికి రెండేళ్ళు పట్టింది, తల్లి పూసినట్లే పూసింది. మీ మొక్క వేర్లు కోలుకున్నాక, వచ్చే ఏడాది కాడల్లో ఒకదానితో మీరూ ఇలా చూడవచ్చు. ఈసారి మాత్రం వద్దు.

ఇంకో మాట. మీ ఫొటోలో మొక్క పక్కనే పళ్ళ బుట్ట కనిపిస్తోంది. సన్మానానికి వచ్చినవాళ్ళు తెచ్చిన పళ్ళు కాబోలు. అరటిపళ్ళు, యాపిల్ పళ్ళు మాగుతూ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. దాని వల్ల ఆర్కిడ్ పూలు త్వరగా వాడతాయి, మొగ్గలు విచ్చకుండానే పసుపుబారి రాలిపోతాయి. గాయపడిన కాడకు ఆ కష్టం కూడా ఎందుకు? బుట్టను వేరే గదిలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు (జనవరి చివరి వారం)

పళ్ళ బుట్ట ఆ రోజే వంటింట్లోకి వెళ్ళింది. మీరంతా చెప్పినట్లే కొస తెగిన కాడను మొదలు దగ్గర కోశాను, కుళ్ళిన వేర్లు పదకొండు తీసేశాను, ఎనిమిది మిగిలాయి. పైన్ బెరడు దొరకడానికి మూడు నర్సరీలు తిరగవలసివచ్చింది. చీలిన కాడ మీద ఆరు పూలలో రెండు పది రోజుల్లోపే వాడిపోయాయి. తక్కిన నాలుగు సంక్రాంతి దాటి, ఈ నెల 22 దాకా ఉన్నాయి. కట్టు విప్పి చూస్తే చీలిక మీరన్నట్లే అతుక్కోలేదు. రెండు అంచులూ ఎండి, మధ్యలో వేలి గోరు దూరేంత సందు అలాగే ఉంది, రెండో పక్క మాత్రం పచ్చగా ఉంది. ఆ సన్నని పచ్చని పట్టీ ఒక్కటే ఇన్నాళ్ళూ నాలుగు పూలను మోసిందని నాన్నగారు దాన్ని చాలాసేపు చూశారు. ఆ కాడనూ ఆయన చేత్తోనే కోశారు.

ఇక ముందున్నది వేసవి. ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో పగలు 38 డిగ్రీలు దాటుతుంది, అదొక్కటే నా దిగులు.

జవాబు: విశాఖపట్నం నుంచి

చాలా సంతోషం. వేసవిలో ఫాలెనాప్సిస్‌ను బాధించేది వేడికంటే పొడి గాలి. మార్చి మధ్య నుంచి నేరుగా ఎండ పడని చోటికి జరపండి. ఉదయం ఎనిమిది లోపు ఎండ పడినా ఫరవాలేదు. ఆకులు లేత ఆకుపచ్చగా ఉంటే వెలుతురు సరిపోయినట్లు, ముదురు ఆకుపచ్చగా ఉంటే చాలనట్లు, అంచులు ఎర్రబారితే ఎక్కువైనట్లు. ఇంట్లో కూలర్ ఉంటే ఆ గదిలోనే, గాలి నేరుగా తగలకుండా ఒక పక్కన ఉంచండి, తేమ బాగా దొరుకుతుంది. ఏసీ గాలి మాత్రం తగలకూడదు. అప్పుడు నీరు రెండు మూడు రోజులకోసారి కావలసిరావచ్చు. లెక్క మాత్రం వెండిరంగుదే. ఆకు చంకల్లో పిండినల్లి చేరుతుందేమో వారానికోసారి చూడండి. కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది.

ప్రశ్న అడిగినవారు (మార్చి రెండో వారం)

ఒక్క చిన్న సందేహం. కింది నుంచి రెండో ఆకు చంకలో మొలకలాంటిది ఒకటి బయటికి వచ్చింది, బియ్యపు గింజంత ఉంది. కొత్త కాడా, వేరా? నాన్నగారు రోజుకు రెండుసార్లు భూతద్దం పెట్టి చూస్తున్నారు.

జవాబు: బెంగళూరు నుంచి

నాలుగు రోజులు ఆగి కొసను చూడండి. నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉండి కిందికి తిరిగితే వేరు. చిన్నపిల్లల చేతి తొడుగులా ఒక పక్కకు మొన తేలి, పొరలు పొరలుగా పైకి తిరిగితే కాడ.

ప్రశ్న అడిగినవారు

అది కాడ కాదు, వేరు అని తేలింది. కొస గుండ్రంగా, పచ్చగా మెరుస్తోంది, పైనంతా వెండిరంగు. మరో రెండు అలాంటివే కాండం అవతలి పక్క కనిపించాయి, మొవ్వులో వేలెడంత కొత్త ఆకు కూడా లేచింది. కాడ కాలేదని నాన్నగారు ఏమీ చిన్నబుచ్చుకోలేదు. అర గ్రాము ఎరువు తూచడానికి తన పాత తపాలా త్రాసు వెతికి తెచ్చారు. ఈ ఆదివారం మొదటి మోతాదు ఇస్తున్నాం.